ఐదో పేజీ

గది గుమ్మం మీద బోర్డులో "కంప్యూటర్ సహాయ, అభ్యాస వనరుల కేంద్రం" అని ఉంది. ఎవరో నల్ల పెన్నుతో 'వ'కు దీర్ఘం పెట్టి వానరుల కేంద్రం చేశారు. అటెండరు కమలమ్మ స్టూలు ఎక్కి తడిగుడ్డతో తుడవబోతుంటే వీణ ఆపింది.

"ఉండనివ్వు కమలమ్మా. ఉన్నమాటేగా రాశారు."

"బోర్డు కింద కూర్చునేది మనమే గదమ్మా," అంది కమలమ్మ తుడుస్తూనే.

వీణ వినిపించుకోలేదు. తెనాలి నుంచి బాపట్ల దాకా పాసింజరులో నిలబడి వచ్చిన చిరాకు ఇంకా ఒంటిమీదే ఉంది. లోపలికి వెళ్ళి, సంచిలోంచి దూది తీసి, స్పిరిట్ చుక్కలు వేసి కీబోర్డు తుడుచుకుంది. ఆ కీబోర్డు మీద ఆమె వేళ్ళు తప్ప ఇంకొకరి వేళ్ళు పడవు. అయినా రోజూ తుడుస్తుంది. కౌంటరు అద్దానికి అవతల నిలబడే పిల్లల చెమట అద్దం దాటి వస్తుందని ఆమె నమ్మకం. తర్వాత కిటికీ ఎండ పడకుండా మానిటర్‌ను కౌంటరు వైపు వారగా తిప్పుకుని, కుర్చీలో మెత్త సర్దుకుంది.

గోడమీద కొత్త సర్క్యులర్ అంటించి ఉంది. సహాయ కేంద్రంలోని ఇద్దరు ఆపరేటర్ల ఏజెన్సీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ తర్వాత ఒక్కరినే కోఆర్డినేటర్‌గా యూనివర్సిటీ తీసుకుంటుంది. ఇద్దరిలో ఒకరు వీణ. రెండోవాడు ప్రతాప్. అతను మధ్యాహ్నం వచ్చి సాయంత్రం దాకా ఉంటాడు. పిల్లలతో నవ్వుతూ మాట్లాడతాడు. నవ్వేవాడికి పని రాదని వీణ ఎప్పుడో తేల్చేసింది. ఎనిమిదేళ్ళ నుంచి ఈ కుర్చీలో కూర్చున్నది తను. ఉంటే తను ఉండాలి.

పదింటికి అద్దం అవతల వరుస మొదలైంది. ఐదో మనిషిగా ఒక పిల్ల వచ్చింది. ముదురు నీలం చుడీదారు, రెండు జడలు, కళ్ళద్దాలు. అద్దంలోని కంత దగ్గర నోరు పెట్టాలో చెవి పెట్టాలో తెలియనట్టు కాసేపు తంటాలు పడింది.

"నంబరు?" అంది వీణ.

"రూతు అండి."

"పేరడిగానా నేను? నంబరు. అడ్మిషన్ నంబరు. పన్నెండంకెలు ఉంటాయి."

"తెలీదండి. కాగితం నెట్ సెంటర్లోనే ఉండిపోయింది. పాస్‌వర్డ్ రావట్లేదండి. పరీక్ష దరఖాస్తు పెట్టాలి, శుక్రవారంతో అయిపోద్దంట..."

"ఏ ఊరు?"

"అడవులదీవండి. రేపల్లెలో మా పెద్దమ్మ దగ్గరుండి వస్తన్నాను."

"దీవా! బస్సులో వచ్చావా, ఈదుకుంటూ వచ్చావా?"

వెనక ఇద్దరు నవ్వారు. పిల్ల నవ్వలేదు. ఏడవనూ లేదు. వీణ ఇంగ్లీషులో రూతు అని కొట్టింది. తెర మీద ఏడుగురు రూతులు వచ్చారు. వాళ్ళలో అడవులదీవి రూతు ఒక్కతే. పన్నెండంకెలూ పక్కనే ఉన్నాయి. ఒక్కసారి రీసెట్ నొక్కితే పని అయిపోతుంది. వీణ నొక్కలేదు. నొక్కితే రేపు వీళ్ళందరూ నంబరు లేకుండా వస్తారు. వీళ్ళకు పద్ధతి నేర్పాలి.

"నీ నంబరు నీకు తెలీదు. మీ నాన్న ఫోన్ నంబరు తెలుసా? తెలుసు. హీరో పుట్టినరోజు తెలుసా? తెలుసు. పన్నెండంకెలు గుర్తు పెట్టుకోలేనిదానివి, నీకు డిగ్రీ ఎందుకమ్మా? రొయ్యలు ఒలుచుకోవచ్చుగా హాయిగా?"

ఇలా మాట్లాడుతున్నప్పుడు ఎదుటి పిల్లలు తల దించుకుంటారు. అది వీణకు అలవాటు. ఈ పిల్ల దించలేదు. వారగా ఉన్న మానిటర్ వైపు, తెర మీద సినిమా ఆడుతున్నట్టు, కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడింది. పెదవులు ఏదో వల్లిస్తున్నట్టు కదిలాయి. సిగ్గు కూడా లేదు, అనుకుంది వీణ.

"వెళ్ళు. నంబరు తెచ్చుకుని రా. నెక్స్ట్!"

మర్నాడు పదింటికి అదే నీలం చుడీదారు మొదటి మనిషిగా నిలబడింది. నోట్‌బుక్కు కాగితం ముక్క మీద పన్నెండంకెలు గుండ్రంగా రాసి కంతలోంచి తోసింది.

"ఎక్కడ దొరికింది?"

"దొరికిందండి," అంది పిల్ల.

వీణకు ఏ తప్పూ కనపడలేదు. రీసెట్ నొక్కింది. రిజిస్టర్ చేసిన మొబైల్‌కు ఓటీపీ వెళ్ళిందని తెర చెప్పింది.

"ఓటీపీ చెప్పు."

పిల్ల తన ఫోన్ చూసుకుంది. ఏమీ రాలేదు.

"నంబరు చివర నలభై రెండు," అంది వీణ. "నీదేనా?"

"కాదండి. నెట్ సెంటరు అన్నది. అప్లికేషన్ పెట్టేటప్పుడు వాళ్ళ నంబరే వేసేశారు. నాకప్పుడు ఫోన్ లేదండి."

ఇది కొత్త సంగతేమీ కాదు. రేపల్లె, నిజాంపట్నం, కాకుమాను పిల్లల్లో సగంమంది ఓటీపీలు ఏదో ఒక నెట్ సెంటరువాడి జేబులోకే పోతాయి. అడ్మిషన్ల రోజుల్లో ఒక్కొక్కడు నూరుమందికి తన నంబరే వేసి పంపిస్తాడు. అందుకనే తెర మీద ఎడమ పక్కన మూడో బటన్ పెట్టారు: 'మొబైల్ మార్పు'. ఆధార్ చూసి, కొత్త నంబరు కొట్టి, ఆ బటన్ నొక్కితే చాలు.

"అయితే ఆ అన్న దగ్గరికే వెళ్ళు," అంది వీణ.

"వెళ్ళానండి. ఆ సిమ్ము పడేశాడంట."

"అయితే తెనాలిలో యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళి లెటర్ తీసుకురా. ఆ లెటరుంటేనే మారుస్తాం."

ఫైళ్ళు మోసుకుంటూ లోపలికి వచ్చిన కమలమ్మ ఆగింది. "లెటరెందుకు వీణమ్మా? మొన్న చెరుకుపల్లి పిల్లోడికి ఊరకే మార్చావుగా?"

"వాడు డైరెక్టర్ గారి చుట్టం."

"దీనికి చుట్టాలు లేరా ఏంటి? రేపల్లెలో పెద్దమ్మ ఉందంటందిగా," అంది కమలమ్మ. నవ్వుతూ అన్నదో, మామూలుగా అన్నదో ముఖం చూస్తే తెలియదు.

"నువ్వు ఫైళ్ళు అక్కడ పెట్టు."

వీణ మళ్ళీ కంత వైపు తిరిగింది. తెనాలి అంటే ఎంత దూరమనుకుంటున్నావు, నేను రోజూ అక్కడినుంచి రావడంలేదా, ఒక్కరోజు తిరిగితే అరిగిపోతావా, మీ ఊళ్ళో అందరూ ఇలాగే కదలకుండా కూర్చుంటారా, అని అడగాల్సినవన్నీ అడిగింది. పిల్ల మాత్రం మానిటర్ ఎడమ అంచునే చూస్తోంది. ఈసారి నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకుంది కూడా. తెనాలి ఆఫీసు అడ్రసు అయి ఉంటుందని వీణ అనుకుంది. తను అడ్రసు చెప్పలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

బుధవారం వీణ భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ప్రతాప్ కుర్చీలో ఉన్నాడు. నవ్వుతున్నాడు.

"ఒక పిల్ల వచ్చి నాకే పని నేర్పి పోయిందండి."

"ఎవరు?"

"రూతంట. తెనాలి వెళ్ళొచ్చిందట పాపం. అక్కడి క్లర్కు దాని కాగితం వెనకే రాసిచ్చాడు, ఇది బాపట్లలోనే చెయ్యాలని. నేను స్క్రీను చూస్తూ వెతుక్కుంటుంటే, 'ఎడం పక్కన మూడోది నొక్కండి సార్' అంది. నొక్కాను. అయిపోయింది. దరఖాస్తు కూడా ఇక్కడే నిలబడి ఫోన్లో పెట్టేసుకుంది."

"లెటర్ లేకుండానే?"

"ఏ లెటరండి?" అన్నాడు ప్రతాప్.

వీణ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. ఇలాంటివాడు కోఆర్డినేటర్ అయితే పిల్లలు నెత్తికెక్కి కూర్చుంటారని అనుకుంది.

ఆ తర్వాతి వారం వరుస పలచబడింది. సోమవారం పదిమంది వచ్చారు. మంగళవారం నలుగురు. వచ్చినవాళ్ళు కూడా నంబరు చెప్పి, ఆధార్ చూపించి, "మొబైల్ మార్పు, మేడం" అని పని పేరు తామే చెప్పి, అది కాగానే వెళ్ళిపోయారు. తిట్టడానికి సందు ఇవ్వలేదు. బుధవారం ఒక్కరూ రాలేదు. వీణ మొదట సంతోషించింది. ఇన్నాళ్ళకు పద్ధతి వచ్చింది, తన నోటి చలవే. కుర్చీ వెనక్కి వాల్చి ఫోన్లో చీరలు చూసుకుంది. గురువారం మధ్యాహ్నానికి చీరలు కూడా విసుగు పుట్టించాయి. ఏజెన్సీకి పంపే వారం రిపోర్టులో 'పరిష్కరించిన ఫిర్యాదులు' అన్న గడి తెరిచి, అందులో పెట్టవలసిన అంకె చూసి మూసేసింది.

టీ తాగుదామని గేటు బయటికి వెళ్ళింది. టీ బండి పక్కన చలపతి జిరాక్సు షాపు. అక్కడ పదిహేనుమంది నిలబడి ఉన్నారు. వీణ కౌంటరు ముందు నిలబడవలసిన ముఖాలే అవి. చలపతి మెషిన్ మూత తియ్యకుండా, ముందే తీసి పెట్టుకున్న దొంతరలోంచి కాగితాలు పిన్ను కొట్టి ఇస్తున్నాడు.

"ఏంటి చలపతి గారూ, క్వశ్చన్ పేపర్ లీకయిందా?"

"లేదు మేడం. రూతు కాగితాలు. వారం నుంచి ఇదే గిరాకీ. మీకు తెలీదా? మీ పనే తగ్గిపోయి ఉంటుందే!"

వీణ ఒకటి తీసుకుంది. ఎనిమిది పేజీలు. గీతల కాగితం మీద గుండ్రటి చేతిరాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య సమంగా ఖాళీ. రెండో తరగతి కాపీ పుస్తకంలా ఉంది. బండి దగ్గర నిలబడి టీ తాగుతూ చదివింది.

"మొదటి పని. గూగుల్లో వెతకొద్దు. వెతికితే ఊళ్ళో లేని యూనివర్సిటీలన్నీ వస్తాయి. పైన పొడుగు గడి ఉంటుంది. అందులో అడ్రసు అక్షరం అక్షరం కొట్టండి. అడ్రసు కింద రాశాను.

రెండో పని. ఒక బొమ్మలో వంకర అక్షరాలు కనపడతాయి. దాన్ని క్యాప్చా అంటారు. గుంటల రోడ్డు మీద బస్సులో కూర్చుని రాసినట్టు ఉంటాయి. సున్నాకీ ఓకీ తేడా తెలియకపోతే పక్కనున్న గుండ్రటి బాణం నొక్కండి. వేరేది వస్తుంది. సిగ్గుపడొద్దు. ఎన్నిసార్లు నొక్కినా కంప్యూటర్ ఏమీ అనదు."

వీణకు నవ్వొచ్చింది. టీ ఒలికి గ్లాసు అంచు మీద కారింది. గుంటల రోడ్డట, బస్సట! పేజీ తిప్పింది.

"మూడో పని. అభ్యాస వనరులు అంటే పాఠాలు, పుస్తకాలు. మన లైబ్రరీ పుస్తకాలు మూడువందల దాకా ఫోన్లోనే చదువుకోవచ్చు. పాత ప్రశ్నపత్రాలు కూడా ఉన్నాయి. లాగిన్ అయ్యాక కుడి పక్కన మూడు గీతలు నొక్కితే కనపడతాయి. ఈ మాట మనకెవరూ చెప్పలేదు."

"చెప్పకేం? బోర్డు మీద అంత లావున రాసి ఉందిగా," అంది వీణ పైకే. ఇంక చదవలేదు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. రేపు పాసింజరులో తోటివాళ్ళకు చదివి వినిపిస్తే దారంతా నవ్వుకోవచ్చు.

కానీ శుక్రవారం పొద్దున మధుబాబు గారు ఆపరేటర్లిద్దరినీ పిలిచారు. ఆయన కేంద్రానికి డైరెక్టరు. మంచివాడు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మాటే నిజమనుకుంటాడు. ప్రతాప్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు.

"సోమవారం కమిటీ వస్తోందమ్మా. విశాఖపట్నం నుంచి ఒక ప్రొఫెసరు గారు. పల్లెటూరి పిల్లల కోసం మనం సొంతంగా ఏం తయారుచేశామో చూస్తారట. తెలుగులో ఉండాలట. ఏముంది మన దగ్గర?"

"నేను ఇంగ్లీషులో స్లైడ్లు చేశానండి," అన్నాడు ప్రతాప్. "రెండు రోజులు టైమిస్తే తెలుగులోకి..."

"నా దగ్గర పుస్తకం ఉంది సార్," అంది వీణ.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే తెలిసింది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఎవరిదో అయితే కదా తీసుకున్నట్టు? చిత్తు కాగితాలు. ఇంత చెత్తలోంచి పుస్తకం అనేది ఒకటి బయటికి రావాలంటే దాని మీద ఒక పేరు ఉండాలి. దీవి పిల్ల పేరు చూసి కమిటీ ఏం చేసుకుంటుంది?

"పుస్తకమా? ఎప్పుడు రాశావమ్మా?"

"ఇంటి దగ్గర సార్. రోజూ పిల్లల బాధలు చూస్తుంటాను కదా."

మధుబాబు గారి ముఖం విప్పారింది. "ఇదమ్మా కావలసింది! కోఆర్డినేటర్ అంటే ఇలా ఉండాలి," అన్నారు. ప్రతాప్ తన ఫోన్ వైపు చూసుకున్నాడు.

శనివారం తెనాలిలో, బోస్ రోడ్డు పక్క సందులో ఉన్న డీటీపీ సెంటర్లో వీణ ఆ ఎనిమిది పేజీలు ఇచ్చింది. సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

"మేడం, కంపోజ్ అయిపోయింది. ఒకసారి వచ్చి ప్రూఫ్ చూసుకుంటారా?"

"పిల్లల రాతండీ అది. చూడ్డానికేముంది? అక్షరదోషాలుంటే మీరే దిద్దండి."

"దోషాలు లేవు మేడం. అదే ఆశ్చర్యం. కాకపోతే ఐదో పేజీ ఒకసారి మీరు..."

"ఐదో పేజీ లేదు, ఆరో పేజీ లేదు. అట్ట మీద నా పేరు కింద ఎమ్.సి.ఏ. అని వెయ్యండి. చుక్కలు మర్చిపోవద్దు. ఆదివారం సాయంత్రానికి యాభై కాపీలు కావాలి."

"మీ ఇష్టం మేడం," అన్నాడతను.

పుస్తకం బాగా వచ్చింది. లేత ఆకుపచ్చ అట్ట. 'మీ చేతిలో యూనివర్సిటీ' అని పేరు. అది వీణే పెట్టింది. కింద ఆమె పేరు, ఎమ్.సి.ఏ., చుక్కలతో సహా. సోమవారం పాసింజరులో యాభై పుస్తకాల కట్టను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఒక్కదాన్నీ తెరవలేదు. కట్ట తాడు విప్పితే మళ్ళీ అంత నీటుగా రాదు.

కమిటీ పదకొండున్నరకు వచ్చింది. ముగ్గురు. ఇద్దరు మగవాళ్ళు గోడలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు లెక్క చూసుకుని పక్క గదిలోకి వెళ్ళారు. విశాఖ మేడం మాత్రం కూర్చుంది. నేత చీర, నెరిసిన జుట్టు. వీణ కుర్చీలోనే కూర్చుంది, అడగకుండా. మధుబాబు గారు పక్కన నిలబడ్డారు. ప్రతాప్ గుమ్మం దగ్గర. కమలమ్మ టీ కప్పులున్న పళ్ళెం పట్టుకుని ఎవరికి ముందివ్వాలా అని చూస్తోంది.

మేడం పుస్తకం తెరిచింది. మొదటి పేజీ చదివి నవ్వింది. వీణ నవ్విన నవ్వు కాదు అది.

"కంప్యూటర్ ఏమీ అనదు! ఎంత బాగా పట్టుకున్నారు! ఇరవై యూనివర్సిటీలు చూశానండి. అందరూ మాన్యువల్స్ ఇస్తారు. చదివితే మాన్యువల్ అర్థం కావడానికి ఇంకో మాన్యువల్ కావాలి. ఇది మీరే రాశారా?"

"నేనేనండి," అంది వీణ.

"ఎవరి సాయమూ లేకుండా?"

"ప్రతి అక్షరమూ నాదేనండి."

"ఇక్కడ కౌంటరులో మీరొక్కరేనా, ఇంకెవరైనా మేడం ఉన్నారా?"

"నేనొక్కదాన్నే ఆడమనిషినండి. ఎనిమిదేళ్ళ నుంచి."

మేడం తల ఊపి పేజీలు తిప్పుతూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. కళ్ళజోడు సర్దుకుంది. ఆ పేజీ రెండుసార్లు చదివింది. తలెత్తి వీణను చూసింది. ఆ చూపులో కొత్తగా ఏదో గౌరవం ఉంది. వీణకు ఒళ్ళు పులకరించింది.

"డైరెక్టర్ గారూ, ఇది వినండి," అని మేడం పైకి చదివింది. పాఠం చెప్పే గొంతు. ఒక్కొక్క మాటా విడివిడిగా వినపడింది.

"ఐదో పని. సహాయ కేంద్రానికి వెళ్ళడం. కౌంటరులో మేడం ముందు నంబరు అడుగుతారు. తెలియదంటే తిడతారు. మీ ఊరిని కూడా తిడతారు. అప్పుడు తల దించుకోవద్దు. తిట్టేటప్పుడు కంప్యూటర్ వైపు చూడండి. మీ నంబరు తెర మీదే ఉంటుంది. తిట్లు అయ్యేలోపు పన్నెండంకెలూ చూసుకోవచ్చు, మేడం తొందరగా ఆపరు. బయటికి వచ్చాక రాసుకోండి. లెటర్ తెమ్మని తెనాలి పంపిస్తే వెళ్ళొద్దు, అలాంటి లెటర్ లేదు. ఏడవొద్దు. ఏడిస్తే కళ్ళద్దాలు మసకేసి అంకెలు కనపడవు."

ఫ్యాను తిరుగుతోంది. కమలమ్మ చేతిలో పళ్ళెం మీద కప్పులు టకటక కొట్టుకున్నాయి. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"నేను పాతికేళ్ళ నుంచి ఇలాంటి కమిటీల్లో తిరుగుతున్నాను," అంది మేడం. "తన తప్పు తానే ఇలా అచ్చు వేయించుకున్న మనిషిని ఇదే చూడటం. మీ ధైర్యానికి నమస్కారమమ్మా. ఇదంతా నిజంగా చేసేవారా మీరు?"

వీణ లెక్క వేసుకుంది. చెయ్యలేదంటే, ఇది తను రాయలేదని చెప్పాలి. రాయలేదంటే, ప్రతి అక్షరమూ నాదే అన్న మాట ఇంకా గదిలోనే ఉంది. మధుబాబు గారు నోరు కొంచెం తెరిచి చూస్తున్నారు. గుమ్మం దగ్గర ప్రతాప్ నవ్వడం లేదు. నవ్వినా బాగుండేది.

"చేసేదాన్నండి," అంది వీణ.

"ఇప్పుడు?"

"మానేశానండి."

"చూశారా?" అంది మేడం మధుబాబు గారితో. "మీరు ఈవిడను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి వృథా చేస్తున్నారు. ఈ జిల్లాలో మీ కాలేజీలన్నిటికీ పంపండి. ఈ పేజీని ఈవిడే, ఈవిడ నోటితోనే, పిల్లలకు చదివి వినిపించాలి. ఇంకొకరు చదివితే తిట్టినట్టుంటుంది. నేను రిపోర్టులో రాస్తాను."

రాసింది కూడా. సాయంత్రం మధుబాబు గారు వీణను పిలిచి కోఆర్డినేటర్ ఉత్తరువు మీద సంతకం పెట్టి చేతికిచ్చారు. "నాకు తెలీనే తెలీదమ్మా, నువ్వు పిల్లల్ని ఇంతగా తిట్టేదానివని," అన్నారు మెచ్చుకుంటూ. "బుధవారం రేపల్లెతో మొదలుపెడదాం. నేనూ వస్తాను."

వీణ కౌంటరు గదికి తిరిగి వచ్చి సంచి సర్దుకుంది. కమలమ్మ నేల తుడుస్తోంది.

"కమలమ్మా. ఆ పిల్ల... ఆ రూతు. ఇది చూసిందా?"

"చూసింది. మధ్యాహ్నం చలపతి షాపుకి నేనే ఒకటి తీసుకెళ్ళి చూపించా. ఊరుకుంటానా?"

"ఏమంది?"

"అట్ట చూసింది. లోపల తిప్పి ఐదో పేజీ చూసుకుంది. 'ఇది కూడా వేశారా అండి!' అంది. అంతే. బస్సు టైమైందని వెళ్ళిపోయింది." కమలమ్మ గుడ్డ బకెట్లో పిండింది. "కాలు తియ్యమ్మా, తడి."

బుధవారం తెనాలిలో రేపల్లె రైలు ఎక్కింది వీణ. కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి పుస్తకమంతా చదివింది. ఎనిమిది పేజీలు చదవడానికి వేమూరు దాకా కూడా పట్టలేదు. ఒక్క తప్పు కూడా లేదు. మిగతా దారంతా ఐదో పేజీ ఎలా దాటెయ్యాలా అని ఆలోచించింది. నాలుగో పేజీ చివర గొంతు సవరించుకుని, నీళ్ళు తాగి, ఆరో పేజీ ఎత్తుకోవాలి. పిల్లలు గమనించరు. వాళ్ళెప్పుడు గమనించారు గనక?

రేపల్లె కాలేజీలో పెద్ద హాలు. నూటయాభై మంది దాకా ఉన్నారు. పుస్తకాలు చాలక నాలుగు బెంచీలకు ఒకటి చొప్పున ఇచ్చారు. మిగతావాళ్ళు నోట్‌బుక్కులు తెరిచి కూర్చున్నారు. మధుబాబు గారు ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకున్నారు. వీణ మైకు ముందు నిలబడి హాలంతా చూసింది. రెండు జడలు, కళ్ళద్దాలు. అలాంటివాళ్ళు కనీసం పాతికమంది ఉన్నారు. ఆ పిల్ల ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. నీలం చుడీదారు గుర్తొచ్చింది. కంతలోంచి కాగితం తోసిన వేళ్ళు గుర్తొచ్చాయి. ముఖం రాలేదు. చూసి ఉంటే గదా. ఈ పాతికమందిలో ఎవరైనా కావచ్చు. అందరూ కావచ్చు.

చదివింది. నాలుగో పేజీ అయింది. గొంతు సవరించుకుంది. నీళ్ళు తాగింది.

"ఆరో పని. పాత ప్రశ్నపత్రాలు..."

"మేడం," అని రెండో వరుసలో ఒక అబ్బాయి లేచాడు. చేతిలో పుస్తకం ఉంది. "ఐదోది వదిలేశారండి."

"అదేనమ్మా ముఖ్యం," అన్నారు మధుబాబు గారు. "చదువు, చదువు. భయపడకు."

వీణ పేజీ వెనక్కి తిప్పింది. మైకులో తన ఊపిరి తనకే పెద్దగా వినపడింది. చదవడం మొదలుపెట్టింది. కౌంటరులో మేడం ముందు నంబరు అడుగుతారు. తెలియదంటే తిడతారు. మీ ఊరిని కూడా తిడతారు. హాలంతా ఘొల్లుమంటుందని ఆ నవ్వు కోసం ఒక్క క్షణం ఆగింది. నవ్వితే తనూ నవ్వెయ్యవచ్చు. వేళాకోళంగా మార్చి బయటపడవచ్చు.

ఎవరూ నవ్వలేదు. నూటయాభై తలలూ వంగి ఉన్నాయి. పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆమె గబగబా అందుకుని తర్వాతి వాక్యాలు మూడు ఒక్క ఊపిరిలో చదివేసింది.

"కొంచెం మెల్లగా చెప్పండి మేడం," అంది చివరి బెంచీల్లోంచి ఒక ఆడపిల్ల గొంతు. "'ఊరిని కూడా తిడతారు' దాకా రాశాం."